ఇద్దరు కొడుకులండి బాబూ

ఆసుపత్రిలో ఎవరైనా మిమ్మల్ని పిల్లలెంతమంది అని అడిగితే వెంటనే నోరు తెరవకండి. ఒక్క క్షణం ఆగండి. మీరు కన్న పిల్లల్నే చెప్పండి. అన్నగారి పిల్లలూ మన పిల్లలే, నేను కాదనను. వాళ్ళకి అన్నం కలిపి పెట్టండి, బడికి పంపండి, పెళ్ళిళ్ళు చెయ్యండి. డాక్టరు ముందు మాత్రం వాళ్ళని కొడుకులనకండి. ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. మిగతాదంతా ఆ మాట వెనకాల వచ్చిన గోల.

నేను అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమాస్తాని. పొద్దున్న లేచింది మొదలు దిమ్మలు తూయించడం, రైతులతో వాదించడం, ఈగల్ని తోలుకోవడం నా పని. నాకు ఓపిక తక్కువని మార్కెట్లో అందరికీ తెలుసు. ఉన్న ఆ కాస్తా ఈ జబ్బుతో పోయింది. కాబట్టి నా మాట ఎక్కడైనా దురుసుగా ఉంటే సర్దుకోండి.

స్వభాను సంవత్సరం, మాఘమాసం

యుద్ధం నడుస్తున్న రోజులు. కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు, రైల్లో నిలబడడానికి చోటు దొరకదు. వెతక్కుండా దొరికింది నాకు వరిబీజం ఒక్కటే. మా వైపు ఇది వింతేమీ కాదు. అవే దోమలు ఒకడికి కాలు వాపిస్తాయి, ఇంకొకడికి ఇక్కడ, పంచె లోపల, వాపిస్తాయి. పంచె కాస్త వదులుగా కట్టుకుంటే ఎవరికీ తెలియదనుకున్నాను. హమాలీలకి తెలియకుండా ఉంటుందా?

"గుమస్తాగోరు నడక మార్సేర్రా! జమీందారు నడక నడుత్తన్నారు" అని బస్తాల వెనకాల నవ్వుకునేవారు.

అప్పటికి మా ఆవిడ నూకరత్నం కాపురానికి వచ్చి ఏడాది తిరగలేదు. మా మేనమామ కూతురే. రాంబిల్లి పిల్ల, సముద్రం హోరు మీద మాట్లాడి పెరిగిన గొంతు. ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ మగపిల్లలిద్దరు, మేమిద్దరం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అన్నయ్య చెరకు పొలం చూసుకునేవాడు, నేను మార్కెట్ చూసుకునేవాణ్ణి, పొయ్యి ఒక్కటే. పెద్దవాడు గోవిందు, చిన్నవాడు రాము. సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే గోవిందు నా చొక్కా జేబులో చెయ్యి పెట్టేసేవాడు, బెల్లం ముక్క కోసం. అడగడం, గిడగడం లేదు. తన జేబే అన్నట్టు తీసుకునేవాడు.

ఊళ్ళోనే ఒక డాక్టరుగారి దగ్గర ఆపరేషనుకి ఒప్పుకున్నాను. నాతో అమ్మ వచ్చింది. ముక్కు మీద గుడ్డ పెట్టి మత్తు పోశారు. మగ్గిపోయిన మామిడిపండు వాసన. ఆ వాసనలోకి దిగిపోతూ తలుపు సందులోంచి అమ్మ చీర కొంగు చూశాను. మధ్యలో డాక్టరుగారు ఒకసారి బయటికి వెళ్ళి అమ్మతో రెండు మాటలు మాట్లాడి లోపలికి వచ్చారట. ఆ రెండు మాటలూ ఏమిటని నేను అడగలేదు. అడగవలసిన సంగతి అని నాకేం తెలుసు?

తెలివి వచ్చేసరికి అమ్మ నా నుదురు తుడుస్తోంది. "కట్టీసేరు బాబూ, గట్టిగా కట్టీసేరు. ఇంక బాద నేదు" అంది. నా నడుం కింద గుడ్డ కట్టు దిమ్మలా ఉంది. నిజమే కదా, కట్టేశారు అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

తారణ, పార్థివ

పుండు మానింది. నడక మామూలైంది. హమాలీలకి నవ్వుకోవడానికి ఇంకొకడు దొరికాడు.

రత్నానికి కడుపు పండలేదు. మొదట ఎవరూ ఏమీ అనలేదు. తరవాత అమ్మ కొత్త అమావాస్యకి నూకాలమ్మ గుడికి తీసుకెళ్ళి మొక్కించింది. గొలుగొండ వైపు నుంచి ఎవరో వేర్లు తెచ్చి నూరి తాగించారు. తాగినప్పుడల్లా రత్నం పెరట్లో కూర్చుని కక్కుకునేది. కక్కుకున్నప్పుడల్లా వదిన పక్కింటికి వెళ్ళి నెల తప్పిందని చెప్పి వచ్చేది. కాదని తేలాక మళ్ళీ వెళ్ళి అదీ చెప్పి వచ్చేది. పేరంటాల్లో రత్నానికి బొట్టు అందరి తరవాత పెట్టడం మొదలైంది. ఒకచోట పసిబిడ్డని ఎత్తుకోబోతే తల్లి చటుక్కున లాక్కుంది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఎందుకే అంటే, "ఏటీ నేదు, ఆకలి నేదు" అంది. నాకు విషయం తరవాత వదిన ద్వారా తెలిసింది. చెప్తున్నప్పుడు వదిన ముఖంలో జాలి కంటే రుచి ఎక్కువ కనబడింది.

ఒక పూట అమ్మ నా ఎదుట కూర్చుని అసలు సంగతి తీసింది.

"సీడికాడలో పిల్ల ఉన్నాది బాబూ. మంచి కుటుంబం. వైశాకంలో ముహూర్తం ఎట్టుకుందాం. రత్నాన్ని ఎల్లగొట్టీమనట్లేదు. నా అన్న కూతురది, నానెలాగ ఎల్లగొడతాను? ఉంటాది. పెద్దదిలాగ ఉంటాది."

రత్నం పక్కనే బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి, "అత్తా, ఆ పిల్లకీ పుట్టకపోతే మూడోదాన్ని ఏ ఊరి నుంచి తెత్తావు?" అంది.

"సూడు, సూడు! దాని నోరు సూడు!" అంది అమ్మ.

నేను కేకలేసి ఇద్దరినీ ఆపాను. ముందు రత్నాన్ని డాక్టరుకి చూపిస్తాను, ఆ తరవాతే ఏ మాటైనా, అన్నాను. ఆ మాట అన్నది రత్నం మీద ప్రేమతోనో, చీడికాడ సంబంధం మీద భయంతోనో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రెండూ ఉన్నాయి.

వెళ్ళింది అదే డాక్టరుగారి దగ్గరికి. బల్ల మీద చాలాసేపు కూర్చున్నాం. పక్కన దగ్గే ముసలమ్మ, ఎదురుగా గోడ మీద ఆగిపోయిన గడియారం. రత్నం పమిట అంచుని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. లోపలికి పిలిచారు.

"ఏమయ్యా, మళ్ళీ వాచిందా?" అన్నారు డాక్టరుగారు నన్ను గుర్తుపట్టి.

"లేదండి. మా ఆవిడకి చూపిద్దామని. పిల్లలు లేరండి."

ఆయన రత్నం వైపు చూశారు. "ఈమె రెండో భార్యా?"

"కాదండి. ఒక్కతే."

"మరి నీ కొడుకులిద్దరూ?"

"నాకు కొడుకులెక్కడున్నారండీ?" అన్నాను నవ్వుతూ. ఇంకెవరితోనో పొరబడ్డారనుకున్నాను.

ఆయన నవ్వలేదు. కళ్ళజోడు తీశారు. లేచి వెళ్ళి తలుపు మూశారు. డాక్టరు స్వయంగా లేచి తలుపు మూస్తే మంచి వార్త ఉండదు, ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఆయన చెప్పింది ఇది. ఆ రోజు కోసి చూస్తే రెండో పక్క కూడా పాడయ్యేలా ఉంది. అటూ ఇటూ బీజాల గొట్టాలు తెంచి కట్టేస్తే మళ్ళీ మళ్ళీ బాధ రాదని ఆయనకి తోచింది. అయితే ఇక పిల్లలు పుట్టరు. అందుకని బయటికి వచ్చి మా అమ్మని అడిగారు. "మీవాడికి కొడుకులున్నారా?" అంటే అమ్మ, "ఇద్దరు కొడుకులండి బాబూ" అంది. "అయితే ఇంక అక్కర్లేదు కదా, కట్టేస్తాను" అన్నారు. అమ్మ దణ్ణం పెట్టి, "కట్టీయండి బాబూ" అంది.

ఇందులో అమ్మ ఆడిన అబద్ధం ఏదీ లేదు. మన భాషలో అన్న కొడుకు కొడుకే. వాళ్ళని వేరు చేసి చెప్పడం అమ్మ దృష్టిలో పాపం. ఇక కట్టడం అంటే ఆమెకి తెలిసింది గుడ్డ కట్టడమే. కోసినవాళ్ళు కట్టకుండా వదులుతారా? డాక్టరుగారు అడిగింది ఒకటి, అమ్మ విన్నది ఒకటి, మధ్యలో నేను మామిడిపండు వాసనలో పడున్నాను.

మీరు నన్ను లేపి అడగవలసింది అన్నాను. గట్టిగానే అన్నాను. అరిచానేమో కూడా. ఆయన తల వంచుకుని, "అడగవలసింది" అన్నారు. ఆయన తప్పు లేదని వాదించి ఉంటే నాకు కొంచెం సుఖంగా ఉండేది.

అప్పుడు రత్నం నోరు విప్పింది. నెమ్మదిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు.

"అయితే నాను గొడ్రాల్ని కాదన్నమాట."

డాక్టరుగారు ఒక దారి చెప్పారు. విశాఖపట్నంలో ఒక సర్జనుగారున్నారు, యుద్ధం నుంచి తిరిగొచ్చారు, సిపాయిల తెగిన నరాలు కుట్టిన చెయ్యి. తెంచిన గొట్టాన్ని మళ్ళీ కలపడం ఆయనకి తెలుసు. "కలపడం ఒక ఎత్తు, అది తెరుచుకోవడం ఒక ఎత్తు. ఆశ పెట్టుకోవద్దు" అని రెండుసార్లు అన్నారు.

బయటికి రాగానే రోడ్డు మీదే మా ఇద్దరికీ మాట పెరిగింది.

"ఇప్పుడే ఎల్లి అత్తకి సెప్తాను. నన్ను గొడ్రాలన్న నోరు మూసుకోవాలి" అంది రత్నం.

"చెప్తే అమ్మ బతకదే."

"నాను బతికేను కదా బావా ఇన్నాళ్ళూ!"

చాలా దూరం నడిచాక తనే అంది, "సరే. కుట్టించుకొని రా. అదీ కాకపోతే అప్పుడు సెప్తాను. అందరి ముందరా సెప్తాను." అది బెదిరింపు కాదు. రత్నం చెప్పిందంటే చేస్తుంది.

వ్యయ, వైశాఖం

వాపు మళ్ళీ వచ్చిందని ఇంట్లో అబద్ధం చెప్పి, అమ్మ అనుకున్న చీడికాడ ముహూర్తానికి ముందే పట్నం బయల్దేరాను. అన్నయ్య వస్తానంటే వద్దన్నాను. తోడుగా ఖాదర్ మామ వచ్చాడు. మార్కెట్ ఎదుట గోనెసంచులూ తాళ్ళూ అమ్మే కొట్టు ఆయనది. నన్ను అల్లుడూ అంటాడు. అసలు నిజం చెప్పుకోవడానికి నాకు ఊరు మొత్తంలో ఆయనొక్కడే కనబడ్డాడు. కత్తంటే భయంగా ఉంది మామా అంటే, "మాకైతే ఆ బయం సిన్నప్పుడే తీర్చీత్తారు అల్లుడూ! మీవోళ్ళకే ఇలాగ పెద్దయ్యేక వత్తాది" అని రైలు పెట్టె అంతా వినేలా నవ్వాడు. ఆ నవ్వు వల్లనే పట్నం దాకా వెళ్ళగలిగాను. లేకపోతే మధ్యలో దిగిపోయేవాణ్ణి.

సర్జనుగారు పొట్టి మనిషి, తక్కువ మాటలు. మత్తు ఇవ్వలేదు. వెన్నులో సూది పొడిచారు. కాసేపటికి నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. తడిమి చూసుకుంటే ఎవరిదో శవాన్ని తాకినట్టుంది. ఎదుట తెర కట్టారు. తెర అవతల లాగుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు. ఆ లాగడం బొడ్డు దాకా వచ్చేది. ఎంతసేపు జరిగిందో తెలియదు. ఆయన ఒక్కసారి మాత్రం "దొరికింది" అన్నారు. ఏం దొరికిందని అడగాలనిపించింది.

తరవాత జ్వరం. కుట్టిన చోట చీము పట్టింది. ఆ రోజులు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. సముద్రం మీంచి ఉప్పుగాలి, గోడకి పాకే చెమ్మ, పక్క మంచం మీద భీమిలి ఆయన దాహం దాహం అనడం. ఒక పొద్దున్న కళ్ళు తెరిచేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. ఆయన ఏడని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పిల్లలు కావాలని వచ్చి నేనే పోతున్నానా అని ఒకటే భయం. చచ్చిపోతే రత్నాన్ని ఏమంటారో కూడా తెలుసు. గొడ్రాలు చాలక మొగుణ్ణి మింగిందంటారు. ఒక నర్సమ్మ, మలబారు ఆవిడ, మన భాష రాదు, వచ్చిపోయినప్పుడల్లా నా అరికాళ్ళు తన రెండు చేతులతో ఒక్కసారి గట్టిగా నొక్కి వెళ్ళేది. అది ఆవిడ పని కాదు. ఆ నొక్కుడు కోసం ఎదురు చూసేవాణ్ణి.

జ్వరం సంగతి ఖాదర్ మామ దాచలేకపోయాడు. ఇంటికి కబురు పెట్టాడు. అమ్మా రత్నమూ కలిసి వచ్చారు. అమ్మ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. అప్పుడే సర్జనుగారు వచ్చారు. నా పుండు చూశారు, పెదవి విరిచారు. యుద్ధం మిగిల్చిన కొత్త సూదిమందు కొంచెం ఉంది, పొడవమని నర్సమ్మతో చెప్పారు. వెళ్ళబోతూ అమ్మ వైపు తిరిగి మామూలుగా అడిగారు.

"ఏమ్మా, మీవాడికి పిల్లలెంతమంది?"

అమ్మ చేతులు జోడించింది. "ఇద్దరు కొడుకులండి బాబూ."

ఈసారి నాకు మత్తు లేదు. నా చెవులతో నేను విన్నాను. ఎంత సులువుగా, ఎంత ఇష్టంగా అందో!

సర్జనుగారు ఆగిపోయారు. "ఇద్దరు కొడుకులుంటే నా చేత ఇదంతా ఎందుకు చేయించారు?" అని నన్ను చూశారు.

"నేరు బాబూ!" అంది రత్నం. ఆ రాంబిల్లి గొంతుకి వార్డంతా తిరిగి చూసింది. "ఆళ్ళు మా బావగారి పిల్లలు. ఈయనకి ఎవులూ నేరు. ఎవులూ పుట్టకుండా కోసీసేరు. అది కలపడానికే మీ కాడికొచ్చేం."

"ఏటే ఆ మాట? ఆళ్ళు మనోళ్ళు కారేటి?" అని అమ్మ కోప్పడింది. అంతలోనే ఆమె ముఖం మారడం చూశాను. "కోసీడమేటి? పుట్టకుండా కోసీడమేటి బాబూ?"

సర్జనుగారు ఓపిగ్గా చెప్పారు. అమ్మ మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, తలుపు దగ్గర ఆ రోజు జరిగింది తన మనసులో మళ్ళీ చూసుకుందనుకుంటాను, పెదవులు కదిపింది. ఇద్దరు కొడుకులండి బాబూ. కట్టీయండి బాబూ. శబ్దం లేదు, పెదవులే. తరవాత నా వైపు చూసి, "నానా సెప్పేను? నానేనా సెప్పేను?" అంది.

నువ్వు కాదమ్మా అని చెప్పాలనుకున్నాను. రత్నం ముందే ఆమె పక్కన కూలబడి ఆమె చేతులు పట్టుకుంది. అందరి ముందరా చెప్తానన్న మనిషి, చెప్పేసింది కూడా. చెప్పాక ఆ పిచ్చిది తనే ఏడ్చింది. అమ్మ ఏడవలేదు. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి, అదే నన్ను భయపెట్టింది.

వ్యయ, సర్వజిత్తు

కొత్త మందు పనిచేసింది. నేను బతికాను. చీడికాడ సంబంధం అమ్మే వద్దని కబురంపింది, కారణం చెప్పలేదు. ఇంట్లో ఎవరేమడిగినా తెల్దు అనడం మొదలుపెట్టింది. ఉప్పు ఉందా అంటే తెల్దు. అన్నయ్య వచ్చాడా అంటే తెల్దు. తన నోటి నుంచి వచ్చే ఏ మాటని చూసినా ఆమెకి భయం. ఒక రోజు దుఃఖం ఆపుకోలేక వదినతో మొత్తం చెప్పేసుకుంది. ఆ ఒక్కటీ చెప్పకుండా ఉంటే బాగుండేది.

దసరాలకి పట్నం వెళ్ళి చూపించుకున్నాను. సర్జనుగారు నా వీర్యం బొట్టు గాజుపలక మీద వేసి భూతద్దం గొట్టంలోంచి చూశారు. "ఏమీ లేవు" అన్నారు. అంతే. వచ్చేటప్పుడు రైల్లో ఖాదర్ మామ కూడా నవ్వించలేదు. ఇంటికి వచ్చి రత్నానికి చెప్పాను. వింది, పొయ్యి మీద కూర దించింది, నాకు వడ్డించింది.

మరుసటి ఏడాదంతా నాకు చెప్పుకోవడానికేమీ లేదు. దేశానికి స్వతంత్రం వచ్చింది, మార్కెట్లో జెండా ఎగరేసి అందరికీ బెల్లం పంచారు. నేనూ పంచాను. మా ఇంట్లో మాత్రం అందరూ ఏదో పడబోతున్నట్టు మెల్లగా నడిచేవారు. వదిన ఒక్కతే హాయిగా ఉండేది. నాకు పిల్లలు లేకపోతే నా వాటా కూడా గోవిందుకీ రాముకే వస్తుంది. అలా అనుకోవడం పాపమేమో. కాని ఆమె అలా అనుకోలేదని ప్రమాణం చెయ్యమంటే చెయ్యను.

మాఘంలో రత్నం నా దగ్గరికి వచ్చి నిలబడింది. "నెల తప్పింది బావా. సెప్పడానికి బయమేసి ఇంకో నెల ఆగేను. అదీ తప్పింది" అంది.

గంతులేశానని రాస్తే మీకు బాగుంటుంది. వెయ్యలేదు. "ఏమీ లేవు" అన్న సర్జనుగారి మాట చెవిలో మోగింది. ఆ మాట నా ముఖమే అనేసింది కాబోలు. రత్నం నన్ను కళ్ళార్పకుండా చూసింది.

"ఎల్లు. మళ్ళీ పట్నం ఎల్లి సూపించుకొని రా. నీ కోసం కాదు, నా కోసం ఎల్లు."

అప్పటికే బయట మొదలైందని నాకు ఖాదర్ మామ చెప్పాడు. తాళ్ళు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆయన కొట్లోనే అనుకున్నారట, కట్టీసినోడి పెళ్ళానికి కడుపేటి అని. ఆ మాట మా ఇంటి నుంచే బయల్దేరింది. ఎవరి నోట బయల్దేరిందో రాయను. మీకు తెలుసు. ఈ మాట అమ్మ చెవిన పడితే ఆమె ఏమంటుందో మాత్రం నాకు తెలియదు. ఆమెకి తెలిసింది కట్టడం ఒక్కటే, విప్పడం ఆమె కంటితో చూడలేదు. అమ్మ కనక వదిన పక్కకి ఒరిగితే రత్నం ఈ ఊళ్ళో తలెత్తుకోలేదు, పుట్టబోయేది అసలే తలెత్తుకోలేదు.

పట్నం వెళ్ళాను. సర్జనుగారు చాలాసేపు చూశారు. తరవాత కుర్చీ వెనక్కి జరిపి నన్ను చూడమన్నారు. కన్ను ఆనించాను. మొదట ఏమీ కనబడలేదు, నా కనురెప్పే కనబడింది. తరవాత కనబడ్డాయి. ఎక్కువ లేవు. కదులుతున్నాయి. అటూ ఇటూ, గాభరాగా, బతికి ఉన్నట్టు. నేను ఆ గొట్టం మీదే తల ఆనించి ఏడ్చేశాను. ఆ పొట్టి మనిషి నా వీపు మీద ఒక్కసారి తట్టి, "ఒక్కోసారి ఏడాది పడుతుంది. నేను ఆ రోజు చెప్పి ఉండాల్సింది" అన్నారు.

బయట ఖాదర్ మామకి చెప్తే యా అల్లా అని నన్ను పట్టుకుని ఊపేశాడు. ఆ తరవాత గడ్డం గోక్కుంటూ, "బాగానే ఉన్నాది గాని అల్లుడూ, ఆ అద్దాల గొట్టం అనకాపల్లి మోసుకెల్లి మీ వదినకి సూపిత్తావేటి?" అన్నాడు. చూపించలేను. నేను కళ్ళారా చూసింది నాకూ రత్నానికే పనికొచ్చింది. ఇంటికెళ్ళి చెప్తే రత్నం, "నాకు తెలుసు" అంది. మొహం అటు తిప్పుకుని చాలాసేపు ఇటు తిప్పలేదు.

సర్వధారి, ఆశ్వయుజం

ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమే అయింది, దాని గురించి రత్నం రాయాలి, నేను కాదు.

ఉయ్యాల వేసిన రోజు వీధిలో ఆడవాళ్ళంతా వచ్చారు. పాట పాడారు, శనగలు పంచారు. నేను వీధి అరుగు మీద ఉన్నాను, కిటికీలోంచి లోపల అంతా కనబడుతోంది. ఉయ్యాల చుట్టూ నవ్వుతున్నారు, ఒకరి మోచెయ్యి ఒకరిని తాకుతోంది. వదిన గోడకి ఆనుకుని ఉంది. గుమ్మంలో గోవిందు, రాము కూర్చుని శనగలు తింటున్నారు. పక్కింటావిడ పిల్ల ముఖం మీదికి వంగి, "ఓలమ్మ, ఇదెవరి పోలికే?" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. రత్నం మంచం మీద బిగుసుకుపోయింది. పక్కింటావిడ అక్కడితో ఆపలేదు. అమ్మ వైపు తిరిగింది.

"అది కాదు గాని అప్పా, నీ సిన్నోడికి పిల్లలెంతమందే ఇప్పుడు? నువ్వెప్పుడూ ఇద్దరు ఇద్దరు అంటావు కదా!"

ఇన్నాళ్ళూ తెల్దు తెల్దు అన్న మనిషి ఇప్పుడూ తెల్దు అంటే అంతే సంగతులు. లోపలికి పరిగెత్తాలనుకున్నాను. కాళ్ళు రాలేదు, ఆ వెన్ను సూది పొడిచినప్పటిలాగే.

అమ్మ లేచి నిలబడింది. ఉయ్యాల్లోంచి పిల్లని తీసి రెండు చేతులతో గుండెకి ఆనించుకుంది. అందరినీ ఒక్కొక్కరినే చూసింది. వదినని ఆఖర్న చూసింది.

"ఒక్కతే కూతురు" అంది. "నా సిన్నోడికి ఇదొక్కతే. ఆడి సొంత కూతురు. ఇంకెవులూ నేరు."

మంచం మీద రత్నం ఒక్కసారిగా భోరుమంది. ఇన్నేళ్ళలో అలా ఏడవడం నేనెప్పుడూ వినలేదు. పక్కింటావిడ పమిట సర్దుకుంది. ఆ పూట నుంచి ఈ పూట దాకా మా వీధిలో ఆ మాట మళ్ళీ వినబడలేదు. అమ్మ ఒక మాటతో తీసింది, ఇంకో మాటతో ఇచ్చింది.

గుమ్మంలో గోవిందు శనగలు తినడం ఆపి అమ్మ వైపు చూస్తున్నాడు. "మామ్మా, మరి మేం?" అన్నాడు.

అమ్మ విననట్టే ఊరుకుంది. ఈసారి ఆమె తెల్దు అని కూడా అనలేదు. వదిన వచ్చి ఇద్దరి రెక్కలూ పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఆ కార్తీకంలోనే ఇంటికి అడ్డంగా గోడ లేచింది. రెండు పొయ్యిలయ్యాయి.

ఇప్పుడు నాకు ఏ బాధా లేదు. మచ్చ ఉంది, వాన మబ్బు పట్టినప్పుడు లాగుతుంది, అంతే. రత్నం గొంతు మళ్ళీ వీధి చివరికి వినబడుతోంది. పిల్ల పాకుతోంది. ఇలాంటి ఆపరేషను గురించి భయపడేవాళ్ళకి నేను చెప్పగలిగింది, తెగింది అతుక్కుంటుంది, అందరికీ కాకపోయినా కొందరికి అతుక్కుంటుంది, నాకు అతుక్కుంది.

నిన్న సాయంత్రం మార్కెట్ నుంచి వస్తుంటే గోడ అవతల గుమ్మంలో గోవిందు నిలబడి ఉన్నాడు. పొడుగయ్యాడు. జేబులో బెల్లం ముక్క ఉంది, ఈ మధ్య పిల్ల కోసం తెస్తున్నాను. నేను వాడి దగ్గర ఆగి, పాత అలవాటుగా జేబు వాడి వైపు వంచాను. వాడు చెయ్యి పెట్టలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, పరాయి పెద్దమనిషితో మాట్లాడినట్టు మెల్లగా అడిగాడు.

"తీసుకోమంటారా, సిన్నాన్నగారూ?"